ఖర్చులతో సహా

జడ్జిగారు తీర్పు చదవడం ముగించి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ ఇంగ్లీషు చదువులో రసూల్ బీకి తెలిసినవి రెండే మాటలు. ఒకటి తన పేరు. రెండోది, చనిపోయిన తన భర్త ఇమాం వలి పేరు.

ఆమె తన వకీలు సోమయ్య వైపు చూసింది. ఆయన తలెత్తకుండా కాగితాలు కట్ట కడుతున్నాడు. గెలిచిన వకీలు ముందు తన మనిషి వైపు తిరుగుతాడు. ఓడిన వకీలు ముందు కాగితాలు సర్దుకుంటాడు. ఏడాదిన్నరగా సికింద్రాబాద్ కోర్టు వరండాలో కూర్చుని ఆమె నేర్చుకున్న చదువు అది.

"పోయిందా, వకీల్ సాబ్?"

"బయటికి నడువమ్మా. ఈడ మాట్లాడొద్దు."

వరండాలోకి వచ్చాక సోమయ్య ముక్కుపొడుం డబ్బీ తీశాడు. మూత తెరిచి, పీల్చకుండానే మూసేశాడు.

"దావా కొట్టేసిన్రు."

"అంటే షెడ్డు నాది కాదన్నరా?"

"అనలే. నీదని సుత అనలే. జడ్జి షెడ్డు దాకా పోనే లేదు. గుమ్మంకాన్నే ఆగిండు. నోటీసు తప్పంట."

"ఏం తప్పు? ముద్ర వేయించుకుని మరీ ఇచ్చొస్తి కదా."

"ఎవరికి ఇచ్చినవు?"

"సర్కారుకే."

"ఏ సర్కారుకు?"

ఆ ప్రశ్న ఆమెకు వింతగా తోచింది. కార్ఖానా బస్తీలో పుట్టి పెరిగిన మనిషికి సర్కారు ఎక్కడుంటుందో ఎవరైనా చెప్పాలా? కంటోన్మెంటు బ్రిగేడ్ ఆఫీసే సర్కారు. నల్లాలో నీళ్ళు రాకపోతే అక్కడికే పోతారు. గుర్రం చచ్చిపడినా, పక్కింటివాడు రాత్రికి రాత్రి గోడ జరిపినా, సారా దుకాణం ముందు తలలు పగిలినా అక్కడికే. తాతల కాలం నుంచి అదే అలవాటు. హుసేన్‌సాగర్ అవతల ఉన్నది నిజాం సర్కారు. దాని రూపాయి వేరు, దాని పోలీసు వేరు. కార్ఖానా జనానికి అది పొరుగు రాజ్యం లాంటిది. తెల్లవాళ్ళు పోతూ పోతూ ఊరిని నిజాం చేతిలో పెట్టారు. ఆ తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది, నిజాం చేతిలోంచి కూడా జారింది. జెండాలు మారాయి, జవాన్లు మారారు. కార్ఖానా జనం కాళ్ళు మాత్రం పాత దారి మరిచిపోలేదు.

రసూల్ బీ ఊళ్ళో లేనప్పుడు ఆమె షెడ్డు తలుపు పగలగొట్టింది మిలిటరీ లారీలో వచ్చినవాళ్ళేనని వీధివాళ్ళు చెప్పారు. అందుకే ఆమె గడియారం స్తంభం దగ్గర అర్జీలు రాసేవాడితో నోటీసు రాయించి, నేరుగా బ్రిగేడ్ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. కానీ లారీని పిలిపించింది మిలిటరీ కాదు. హుసేన్‌సాగర్ అవతలి గోదాముల శాఖ. జనం నోట్లో అది మహకమా. సర్కారు మీద దావా వేసే ముందు ఏ శాఖ మీద వేస్తున్నారో ఆ శాఖకే నోటీసు ఇచ్చి, గడువు ముగిశాక కోర్టుకు రావాలి. మహకమాకు నోటీసే రాలేదు. కాబట్టి దావాయే లేదు.

"మరి మీరు చూడలేదా?" అంది రసూల్ బీ. కోపంతో అడగలేదు. ఇంక అడగడానికి ఏమీ దొరకక అడిగింది.

సోమయ్య ఈసారి ముక్కుపొడుం పీల్చాడు.

"నేనూ ఈ ఊర్ల పుట్టినోన్నే కదమ్మా. బ్రిగేడ్ ఆఫీసు ముద్ర కనపడంగనే నాకు సుత సర్కారుకు ముట్టిందనే అనిపించింది. అవుతలి వకీలు హైదరాబాదోడు. వాడు పట్టుకున్నడు."

ఆమె మెట్లు దిగబోయింది.

"ఆగమ్మా. ఇంకోటి ఉన్నది. దావా ఖర్చులతో సహా కొట్టేసిన్రు."

"అంటే?"

"మహకమా తన వకీలుకు ఇచ్చిన ఫీజు, కాగితాల ఖర్చు, అన్నీ నువ్వే కట్టాలె."

రసూల్ బీ మెట్టు మీదే నిలబడిపోయింది.

"నా షెడ్డు గుంజుకున్నందుకు వాళ్ళకైన ఖర్చు నేను కట్టాల్నా?"

"గుంజుకున్నందుకు కాదు. ఎందుకు గుంజుకున్నరని నువ్వు అడిగితివి కదా. దానికి జవాబు చెప్పుకున్న ఖర్చు."

*

ఇమాం వలి డేరాల మనిషి. పటాలాలకు గుడారాలు, పెళ్ళిళ్ళకు షామియానాలు, జాతర్లకు చుట్టూ తెరలుగా కట్టే కనాతులు. కుట్టేదీ అతనే, కిరాయికిచ్చేదీ అతనే. కార్ఖానా వీధి మలుపులో రేకుల షెడ్డు వేసింది కూడా అతనే. అతను పోయాక రసూల్ బీ, మరిది మౌలా అలీ కలిసి అదే పని సాగించారు.

పోలీసు యాక్షన్ రోజుల్లో ఊళ్ళో ఎవరి నోట చూసినా పుకార్లే. ఎవరినో చంపారన్నారు, ఎక్కడో తగలబెట్టారన్నారు. నిజమేదో తెలుసుకునేంత ధైర్యం ఎవరికీ లేదు. రసూల్ బీ షెడ్డుకు తాళం వేసి, మరిదిని వెంటబెట్టుకుని, ఆల్వాల్‌లో, తమకు పాలు పోసే దేవమ్మ ఇంటికి చేరింది. దేవమ్మ వాళ్ళను బర్రెల కొట్టం వెనక గదిలో పెట్టి, అడిగినవాళ్ళకు డేరాలు కుట్టడానికి వచ్చారని చెప్పింది. ఎవరూ పెద్దగా అడగలేదు.

ఊరు సద్దుమణిగాక తిరిగొచ్చి చూస్తే షెడ్డుకు కొత్త తాళం ఉంది. లోపల గుడారాల బదులు గోనె సంచులు. గుమ్మంలో మహకమా జవాను. వారసులు లేని షెడ్డని రాసుకుని పెట్టుకున్నారట. వారసురాలు ఎదురుగా నిలబడితే, రుజువు తెమ్మన్నారు. ఇమాం వలికి పటాలం వాళ్ళు నోటిమాటతో ఇచ్చిన జాగా అది. పక్కనున్న గుర్రాల డాక్టరు అడుగులతో కొలిచి, ఇక్కడి నుంచి ఇక్కడికి నీది అన్నాడు. అప్పుడు ఆ ఊళ్ళో రుజువంటే అదే.

ఆ సంగతి చెప్పుకోవడానికే ఆమె కోర్టుకు వెళ్ళింది. చెప్పుకునే అవకాశం రాకుండానే తిరిగి వచ్చింది.

*

మహకమా హెడ్ గుమాస్తా భద్రయ్య సైకిలు మీద కార్ఖానాకు వచ్చాడు. మధ్యాహ్నం వేళ. రసూల్ బీ నేల మీద కూర్చుని కనాతుకు దబ్బనంతో అంచు కుడుతోంది. గోడవార రెండు మిషన్లు. ఒకదాని మీద మౌలా అలీ ఉన్నాడు.

భద్రయ్య చెప్పులు బయట విడిచి, పీట మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ వద్దనకుండా తాగాడు. చెడ్డవాడిలా లేడు. కాలర్ చిరిగిన చోట లోపలివైపు నుంచి ఎవరో శ్రద్ధగా రఫ్ఫు చేశారు. రసూల్ బీ ముందు ఆ కుట్టునే చూసింది.

"మీకు మంచి కబురు తెచ్చినమ్మా," అన్నాడు. "మహకమా ఖర్చులు మాఫ్ చేస్తమంటున్నది."

మౌలా అలీ కాలు మిషను మీద ఆగింది.

"ఊకెనేనా?" అంది రసూల్ బీ.

"ఊకెనే. జెర ఈ కాగితం మీద వేలు పెడితే చాలు."

"ఏమున్నది అండ్ల?"

భద్రయ్య గ్లాసులో మిగిలిన చాయ్ వైపు చూశాడు. "ఆ షెడ్డుతోటి మీకు సంబంధం లేదని. ఇగ దావా గీవా వెయ్యనని. అంతే."

"అంతేనా?" అన్నాడు మౌలా అలీ.

"అంతే, భాయ్."

మౌలా అలీ మిషను దిగి వచ్చాడు. తీర్పు వచ్చిన నాటి నుంచి తలుపు చప్పుడైతే చాలు, జప్తుకొచ్చారని ఉలిక్కిపడుతున్నాడు. ఇంట్లో చెంబు కూడా పోతుందని వీధిలో ఎవరో అన్నారట. అతను నిజంగానే చెంబు దాచిపెట్టాడు. ఆ రోజు వదిన నీళ్ళు తాగడానికి గిన్నె వెతుక్కుంది.

"వదినా, వేలు పెట్టు. పీడ పోతది. షెడ్డు ఎట్లాగూ రాదు. ఉన్న రెండు మిషన్లన్న మిగుల్తయి."

"నువ్వు జెర కూసో."

"కూసునుడు కాదు వదినా. గెలిచినోడు ఇంటికొచ్చి మాఫ్ అంటున్నడు. ఇంతకన్న ఏం కావాలె?"

రసూల్ బీ దబ్బనం బట్టలో గుచ్చి పక్కన పెట్టింది. ఆ మాటే ఆమెకు ముల్లులా తగిలింది. గెలిచినవాడు. ఖర్చులు కోర్టే ఇప్పించింది, చేతిలో తీర్పుంది. ఎండలో సైకిలు తొక్కుకుంటూ హుసేన్‌సాగర్ కట్ట దాటి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?

"భద్రయ్య గారు," అంది. "నేను చదువు రాని దాన్ని. వకీల్ సాబ్‌ను అడిగి చెప్త."

భద్రయ్య ముఖంలో ఏదో దీపం తగ్గినట్టయింది. "వకీలెందుకమ్మా, గింత దానికి. ఆయన మల్ల ఫీజు అడుగుతడు."

"అడుగుతడు," అంది రసూల్ బీ. "అయినా సరే."

*

సోమయ్య ఇల్లు వాకర్ టౌన్‌లో. ఆయన భోజనం చేసి వాలుకుర్చీలో ఉన్నాడు. రసూల్ బీ గడప దగ్గర నిలబడి అంతా చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఇంటికొచ్చిండా? చాయ్ తాగిండా?"

"తాగిండు."

సోమయ్య నవ్వాడు. కోర్టులో ఓడిన తర్వాత ఆయన నవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

"చూడమ్మా. ఖర్చులు వసూలు చెయ్యాలంటే నీది ఏదో ఒకటి జప్తు చెయ్యాలె. నీ మిషన్ల మీద చెయ్యి పెట్టనీకి లేదు. పనిముట్లను కానూను ముట్టనియ్యదు. వంట గిన్నెలు, కట్టుబట్టలు సుత ముట్టనియ్యదు. ఆడమనిషిని ఖర్చుల కోసం జైల్ల పెట్టనీకి లేదు. ఇగ నీ దగ్గర మిగిలింది ఏంది?"

"ఏం లేదు."

"ఉన్నది. షెడ్డు."

రసూల్ బీకి వెంటనే అర్థం కాలేదు.

"షెడ్డు వాళ్ళ దగ్గర్నే ఉన్నది కదా, వకీల్ సాబ్."

"అదే కదా ఇరుకు. ఆ షెడ్డు జప్తు చెయ్యాలంటే, అది రసూల్ బీది అని వాళ్ళే రాసిచ్చి సంతకం పెట్టాలె. కోర్టుల మాత్రం అది రసూల్ బీది కానే కాదన్నరు. వదిలేద్దామంటే ఆడిట్ దొర ఊకోడు. కోర్టు ఇప్పించిన ఖర్చు సర్కారు సొమ్ము, ఏదని అడుగుతడు. అందుకే చాయ్ తాగి పోయిండు."

రసూల్ బీ గడప మీదే కూలబడింది. చల్లగా ఉంది గడప. ఇన్నాళ్ళూ తనొక్కతే బోనులో ఉన్నాననుకుంది. తీరా చూస్తే అవతలి వాళ్ళు కూడా అదే బోనులో మరో మూల కూర్చున్నారు.

"అయితే వేలు పెట్టొద్దు."

"పెట్టొద్దు. కానీ విను." సోమయ్య గొంతు తగ్గింది. "వాళ్ళు తెగించి షెడ్డు జప్తుకు రాస్తే, వేలం దాకా పోతది. వేలంల ఎవడన్న కొన్నడనుకో, అయిపోయింది. షెడ్డు నీదని సర్కారు ఒప్పుకున్న రోజే అది పరాయోడిదైతది. అంతకు ముందే ఖర్చులన్నీ కట్టి విడిపించుకోవాలె. కట్టగలవా?"

ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుంది. షెడ్డులో గోనె సంచులు నింపేది ఒక గుత్తేదారు. గళ్ళ కోటు వేసుకుంటాడు. వచ్చినప్పుడల్లా సంచుల వైపు కాక రేకుల వైపు, దూలాల వైపు చూస్తుంటాడు. కొనేవాడు ఎవరో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

"ముందే కట్టేస్తే?" అంది చివరికి.

"ముందే కడితే జప్తు ఉండదు. జప్తు లేకపోతే షెడ్డు నీదని ఎవడూ అనడు. మల్ల మొదటికే."

తొందరపడి కడితే ఫలితం లేదు. ఆలస్యం చేస్తే షెడ్డు దక్కదు. జప్తుకూ వేలానికీ మధ్య ఉన్న సందులోనే ఆమె దూరాలి.

*

భద్రయ్య రెండోసారి వచ్చినప్పుడు చాయ్ తాగలేదు. పీట మీద కూడా కూర్చోలేదు.

"వేలు పెట్టనన్నరంట," అన్నాడు.

"పెట్టను."

"అమ్మా, మీకు తెలుస్తలేదు. ఖర్చులు వసూలు కాకుంటే ఆడిట్ దొర నా జీతంల కోస్తనన్నడు. వసూలు చేసుడు నా బాధ్యతంట. షెడ్డు జప్తుకు రాస్తే మా మహకమా దొర నన్ను తిడతడు."

"మరి మీరు తిట్లు పడతరా, కోత పడతరా?"

ఆ మాట వెక్కిరింపుగా వచ్చింది. కానీ భద్రయ్య దాన్ని ప్రశ్నగానే తీసుకున్నాడు. కాసేపు రఫ్ఫు చేసిన కాలరు సవరించుకున్నాడు.

"నాకు నలుగురు పిల్లలమ్మా," అన్నాడు.

వెనక్కి తిరిగి సైకిలెక్కాడు. అతను మలుపు తిరిగేదాకా రసూల్ బీ గుమ్మంలోనే నిలబడింది. అతను ఏ కాగితం మీద ఏం రాయబోతున్నాడో ఆమెకు తెలిసింది. అది తను కోరుకున్నదే.

లోపల మౌలా అలీ మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికీ తెలిసింది.

"ఏ మిషను అమ్ముతవు?" అన్నాడు.

రసూల్ బీ తలుపు దగ్గరగా వేసింది.

"నీది."

"నాదే ఎందుకు?"

"నాది పాతది. ఎవరు కొంటరు?"

మౌలా అలీ నవ్వబోయాడు. రాలేదు. "బాగున్నది వదినా. కోర్టు ముట్టనియ్యని దాన్ని నువ్వు ముడుతున్నవు. నా మిషను జప్తు చెయ్యనీకి సర్కారుకు సుత దమ్ము లేదు, నీకున్నది."

"షెడ్డు వస్తే మల్ల కొందాం."

"వస్తే." అతను ఆ మాటను నేల మీద పడేసినట్టు అన్నాడు. "అన్న ఉంటే గిట్ల చేస్తుండెనా?"

"మీ అన్న ఉంటే నోటీసు బ్రిగేడ్ ఆఫీసులనే ఇస్తుండె," అంది రసూల్ బీ. "మనందరం ఒక్క బడిల చదువుకున్నోళ్ళమే."

రెజిమెంటల్ బజారు దర్జీ వచ్చి మిషను చక్రం తిప్పి చూసుకుని, బండి మీద వేసుకుపోయాడు. మౌలా అలీ బండి వెనకే కొంత దూరం నడిచి, తిరిగొచ్చి, దబ్బనం పట్టుకుని కనాతు ముందు కూర్చున్నాడు. డబ్బు చాలలేదు. తక్కువైంది దేవమ్మ ఇచ్చింది. ఈనిన బర్రెను అమ్మిన డబ్బు. "నాకు కాగితాలు వద్దు, కోర్టులు వద్దు," అంది ఆమె. "పెళ్ళికి షామియానా కావాలె. నా బిడ్డది. కిరాయి అడిగితే మాత్రం ఊకోను."

*

డప్పు చప్పుడు వినగానే కార్ఖానా వీధి మొత్తం షెడ్డు ముందు చేరింది. చావు కాదు, జాతర కాదు, ఎందుకో చూద్దామని వచ్చిన జనం. జప్తులు చేసే కోర్టు అమీను చేతిలో కాగితంతో ముందు నిలబడ్డాడు. అతని పక్కన డప్పు వీరయ్య. కాస్త ఎడంగా భద్రయ్య, సైకిలు పట్టుకుని. షెడ్డు గుమ్మంలో మహకమా జవాను. అతనికి ఏం జరుగుతోందో ఎవరూ చెప్పినట్టు లేదు. ఒకసారి తాళం వైపు, ఒకసారి అమీను వైపు చూస్తున్నాడు. గళ్ళ కోటు గుత్తేదారు రేకుల నీడలో నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

సోమయ్య రసూల్ బీ చెవి దగ్గరికి వంగాడు.

"పేరు జాగ్రత్తగ విను. పేరు తప్పు చదివితే మొత్తం పోతది."

రసూల్ బీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భద్రయ్య ఆఖరి నిమిషంలో పేరు మార్చి ఉంటే? ఇమాం వలి ఒక్కడి పేరే రాసి ఉంటే? వారసులు లేని ఇమాం వలి షెడ్డు అని రాసి ఉంటే? మిషను పోయింది. దేవమ్మ బర్రె పోయింది. మిగిలింది ఆ కాగితంలో ఉన్న పేరు ఒక్కటే.

అమీను ఉర్దూలో గబగబా చదివాడు. సగం గాలికి పోయింది. తర్వాత వీరయ్య వైపు తల ఊపాడు. వీరయ్య డప్పు మీద ఒక వరస వేసి, గొంతు సవరించుకుని, తెలుగులో అందుకున్నాడు.

"అందరు వినుండ్రి. కార్ఖానా వీధి మలుపుల ఉన్న ఈ రేకుల షెడ్డు, ఇమాం వలి భార్య రసూల్ బీ సొంతం. గోదాముల మహకమాకు రసూల్ బీ కట్టాల్సిన కోర్టు ఖర్చుల కింద ఈ షెడ్డును జప్తు చేసిన్రు. దీన్ని ఎవరు కొనొద్దు, ఎవరు అమ్మొద్దు. కోర్టు హుకుం."

జనంలోంచి ఒక ముసలాయన అన్నాడు, "ఏందీ, రసూల్ బీ సొంతమా? మరి ఇన్ని రోజులు అండ్ల సంచులు ఎవరివి?"

ఎవరో నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. జవాను గుమ్మంలోంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. ఎందుకు జరిగాడో అతనికే తెలియదు. భద్రయ్య నేల వైపు చూస్తున్నాడు. గుత్తేదారు బీడీ పారేసి, అమీను దగ్గరికి పోయి, వేలం ఎప్పుడని అడిగాడు. రసూల్ బీ అతని వైపు చూడలేదు. సోమయ్యే జవాబు చెప్పాడు.

"వేలం ఉండదు, సేట్. పైసలు కోర్టుల కట్టేస్తున్నం. తమరు సంచులు ఎత్తుకుపోవుడు ఎప్పుడో అది సోచాయించుకోండ్రి."

గుత్తేదారు ముఖం గంటు పెట్టుకుని మళ్ళీ నీడలోకి వెళ్ళాడు. కానీ వెళ్ళిపోలేదు. ఆమె గమనించింది. వెళ్ళిపోవలసిన అవసరం అతనికి ఇంకా రాలేదు. తాళం మహకమాదే. జవాను మహకమావాడే. ఖర్చులు కట్టినా జప్తు మాత్రమే పోతుంది, తాళం పోదు. తాళం తీయించాలంటే మళ్ళీ నోటీసు ఇవ్వాలి. ఈసారి హుసేన్‌సాగర్ అవతలికి. గడువు ముగిసేదాకా ఆగాలి. అప్పుడు దావా.

"ఈపారి గెలుస్తమా?" అని అడిగింది.

"వాళ్ళే నీదని డప్పు కొట్టించిన్రు. ఇగ కాదని ఎట్లంటరు? గెలుస్తం."

"గెలిస్తే ఖర్చులు వాళ్ళు కడతరా?"

సోమయ్య డబ్బీ మూత తీశాడు. పీల్చాడు. తుమ్ము ఆపుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఓడితే నువ్వు కట్టాలె. అది పక్కా. గెలిస్తే, ఎవరి ఖర్చులు వాళ్ళే భరించుకోండ్రి అంటరు. సర్కారు మీద గెలిచినోళ్ళకు ఎక్కువ సార్లు అదే అంటరమ్మా. అబద్ధం చెప్పను."

రసూల్ బీ తల ఊపింది. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. ఈ రేకుల కింద ఇమాం వలి కుట్టిన గుడారాలు ఎన్ని పటాలాలు మోసుకుపోయాయో ఆమెకు తెలుసు. లోపలున్నవాడికి తలుపు ఎటుందో చీకట్లో కూడా తెలిసేది. ఈ కోర్టు గుడారానికి తలుపు కుట్టినవాడు లేడు. అంచు పట్టుకుని చుట్టూ తిరగవలసిందే.

అమీను కాగితం మీద ఏదో రాస్తున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి, "అమ్మా, కట్టేటప్పుడు ఇది సుత కలిపి కట్టాలె," అన్నాడు. "నా టాంగా కిరాయి, డప్పు కూలి. అన్నీ మీ మీదనే పడతయి."

"డప్పు కూలి నేనా?"

"కానూను అంతే. జప్తు ఖర్చు బాకీదారు మీదనే."

మౌలా అలీ వెనక నుంచి గొణిగాడు. "చావు మనది, డప్పు కూలి మనమే ఇయ్యాలె."

రసూల్ బీ చున్నీ నోటి మీది నుంచి తీసింది. వీరయ్య అప్పటికే డప్పు భుజానికి తగిలించుకుని బయలుదేరబోతున్నాడు.

"వీరయ్యా, జెర ఆగు."

అతను ఆగాడు.

"కూలి నేనే ఇస్తున్న కదా?"

"అవునమ్మా. సాబ్ గట్లనే అన్నడు."

"మరి అది సరింగ మోగలేదు. ఆ చివరోళ్ళకు ఇనపడలే. ఇంకోపారి చెప్పు."

వీరయ్య అమీను వైపు చూశాడు. అమీను భుజాలెగరేశాడు, కానూనులో ఎన్నిసార్లని లేదు. భద్రయ్య సైకిలు ఎక్కబోయి ఆగిపోయాడు. వీరయ్య దారి పక్కన ఎండు గడ్డి పోగుచేసి, అగ్గిపుల్ల గీసి, డప్పును మంట మీద అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. తోలు బిగుసుకునేదాకా జనం కదలకుండా నిలబడ్డారు. అతను వేలితో మీటి చూశాడు. ఖంగుమంది.

"ఎక్కడి నుంచి చెప్పాలె అమ్మా?"

"పేరు కాంచి," అంది రసూల్ బీ.